అమ్మ గొంతులో మందుల పరీక్ష

ఈమధ్య నా ఛాతీలో మంటకు డాక్టరు రాసిన గులాబీరంగు మందు మూత తిప్పగానే సోంపు వాసన గుప్పుమంటుంది. ఆ వాసనకు నేను పరికిణీ కట్టిన కాలానికి, నిజాం ఏలుబడి నాటి సిద్దిపేటకు, మా ఇంటి ఇసుర్రాయి దగ్గరికి పోతాను.

తెల్లవారకముందే అమ్మా చిన్నమ్మా ఇసుర్రాయికి చెరోపక్క కూర్చుని జొన్నలు విసిరేవాళ్లు. అమ్మ పాట ఎత్తుకునేది, చిన్నమ్మ అందుకునేది. రాయి గరగర, కొత్త పిండి కమ్మటి వాసన, పొయ్యి కింద నిన్నటి బూడిద వెచ్చదనం, వీటన్నిటి మధ్య గొంగడిలో ముడుచుకుని నేను వినేదాన్ని. అంత సన్నటి మనిషిలోంచి అంత పెద్ద గొంతు ఎలా వచ్చేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మా వాడకట్టు బతుకమ్మకు మొదటి గొంతు ఆమెదే.

ఒక ఏడాది వానలు పడ్డప్పటి నుంచి ఆ గొంతుకు పుల్లటి తేన్పులు అడ్డం పడ్డాయి. రాయి మీదికి వంగితే చాలు, కడుపులోంచి మంట గొంతుదాకా ఎగదన్నేది, పాట సగంలో తెగిపోయేది. బతుకమ్మ పండుగ దగ్గర పడుతోంది. ఆమె పాడలేకపోతే ఎట్లా అని వాడకట్టు ఆడవాళ్లంతా దిగులుపడ్డారు, అందరికంటే ఎక్కువ అమ్మే.

ఇక మందులు మొదలయ్యాయి. మంట తగ్గిందా అని అమ్మను ఎవరూ అడిగేవాళ్లు కారు. తెల్లారి ఇసుర్రాయి దగ్గర పాట ఎంతదూరం పోయిందో విని చిన్నమ్మే తీర్పు చెప్పేది. వామూ ఉప్పూ నమిలిన రోజు పాటకంటే తేన్పులే గట్టిగా వచ్చాయి. వంటసోడా నీళ్లు గబుక్కున పనిచేసి, గబుక్కున చేతులెత్తేశాయి. బజారులోని హకీం ఇచ్చిన సోంపు అర్కు తియ్యగా ఉండి, అమ్మ గొంతుకంటే మా పిల్లల నాలుకలకే ఎక్కువ మేలు చేసింది. సర్కారు దవాఖానా వాళ్ల సున్నపునీళ్ల లాంటి తెల్లమందు మాత్రం పాటను చాలా దూరం లాక్కుపోయింది గాని, చివరిదాకా చేర్చలేదు.

ఇన్ని మందులు మింగించీ, రాత్రి బువ్వలోకి మా నాయనమ్మ పచ్చిపులుసు పోసేది. నానబెట్టిన చింతపండు పిసికి, ఉల్లిగడ్డలూ పచ్చిమిరపకాయలూ కలిపిన పులుసు. పొయ్యి ముఖం చూడనిది కాబట్టి అది చలువని ఆమె నమ్మకం. మంటకు చలువే విరుగుడని, కోడలి మీద ప్రేమకొద్దీ రోజూ ఇంకో గంటె ఎక్కువే పోసేది. అమ్మ కాదనలేక జుర్రుకునేది.

ఒక శనివారం అమ్మ ఒక్కపొద్దు ఉండి, రాత్రి పాలు మాత్రం తాగి పడుకుంది. తెల్లారి ఎత్తుకున్న పాట, ఎప్పుడూ తెగే చోటు దాటింది. చిన్నమ్మ అందుకోవడం మరిచి అట్లాగే చూస్తుండిపోయింది. జొన్నలు అయిపోయినా పాట అయిపోలేదు, ఖాళీ రాయి తిరుగుతూనే ఉంది.

రాయి ఆగాక అమ్మ నాయనమ్మతో మెల్లగా అంది. "మందులన్ని మంచియే అత్తా. పచ్చిపులుసే నాకు పడ్తలేదు."

నాయనమ్మ ముఖం చిన్నబోయింది. ఆ రాత్రి నుంచి అమ్మ కంచంలో పులుసు పడలేదు.

సద్దుల బతుకమ్మనాడు కోమటి చెరువు గట్టున, తంగేడు పూల పసుపూ గునుగుపూల తెలుపూ పేర్చిన బతుకమ్మల చుట్టూ తిరుగుతూ అమ్మ పాట ఎత్తుకుంది. పొద్దుగూకేదాకా ఆ గొంతు ఎక్కడా జీరపోలేదు. చివరి పాట నీళ్ల మీదుగా పోతుంటే అవతలి గట్టువాళ్లు కూడా తమ ఆట ఆపి విన్నారు. ఈమెనా రోజూ నాకు తల దువ్వేది అనిపించి, నేను దగ్గరికి పోవడానికే జంకాను.

బతుకమ్మలను సాగనంపాక సద్దులు పంచుకున్నారు. నాయనమ్మ చేసిన చింతపండు పులిహోర సద్ది కోసం వాడకట్టంతా చేతులు చాపారు. పాట ఎట్లాగూ అయిపోయింది కదా అని నవ్వుతూ అమ్మా చాపింది. నాయనమ్మ ఆ చేతిలో నువ్వుల సద్ది పెట్టింది.

"నీకు పులుపొద్దు బిడ్డా. రేపు పొద్దుగాల నీ పాట ఇనాలె నేను."

ఇప్పుడు పిండి పొట్లాల్లో వస్తోంది, బతుకమ్మ పాట స్పీకర్లలో వస్తోంది. నా మంట తగ్గిందా అని మా ఇంట్లో అందరూ పాపం రోజూ అడుగుతారు. అడగకుండానే, గొంతు విని తెలుసుకునేవాళ్లు మాత్రం ఎవరూ మిగల్లేదు.