ఎవరికి చదివినవ్?

పత్తి మొగ్గ పసరుకు ఒక వాసన ఉంటుంది. పచ్చిగడ్డి వాసనకు కాస్త దగ్గరగా, కాస్త చేదుగా. నిన్న పొద్దున గద్వాలలో ఇటిక్యాల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఒకావిడ నా పక్కన కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటుంటే ఆ వాసన వచ్చింది. ఆవిడ బొటనవేలి గోరు చుట్టూ ఆకుపచ్చ మరక. విత్తనపత్తి చేలలో పనిచేసే వాళ్లందరికీ ఈ రోజుల్లో ఉండే మరకే. నాకూ ఒకసారి పది రోజులు ఉండింది. నేను చదివిన చదువులన్నిట్లోకీ గట్టి పట్టా అదేనని మా ఎస్తేరక్క అనేది. నా ఎం.ఏ. మీద ఆవిడకు మొదటి నుంచీ పెద్ద గౌరవం లేదు.

ఎస్తేరక్క గద్వాలలో ఒక పక్షపత్రిక నడిపేది. పేరు చెప్పను, చెప్పినా మీరు చదివి ఉండరు. ఎనిమిది పేజీలు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల సంగతులు. ఆవిడ మానవపాడులో కూలి చేసుకునే ఇంట్లో పుట్టింది. అమ్మానాన్నలు పనికోసం ఏ ఊరికి పోతే ఆ ఊరి బళ్లో కూర్చుని, ఎలాగో డిగ్రీ దాకా వచ్చింది. టైపు నేర్పే షాపు పెట్టింది. టైపు మిషన్లకు కాలం చెల్లాక అదే గదిలో పత్రిక పెట్టింది. ఆ గదికి రెండు కిటికీలు, ఒకటి తెరుచుకునేది. నేను వనపర్తి నుంచి వచ్చి అందులో చేరాను. పెద్ద పత్రికలు నా ప్రతిభను ఇంకా గుర్తించని రోజులవి. ఇప్పటికీ గుర్తించలేదు, ఆ విషయంలో వాటికి నిలకడ ఉంది.

ఆ గదిలో నియమం ఒక్కటే. వార్త రాశాక, అది ఎవరి గురించో వాళ్ల దగ్గరికి వెళ్లి, అచ్చుకు ముందే బయటికి చదివి వినిపించాలి. పొగిడినా, తిట్టినా. వాళ్లు మార్చమంటే మార్చాలని కాదు. పేరు, లెక్క, జరిగిన తీరు తప్పు పడి ఉంటే అప్పుడే తెలుస్తుందని. "రాసినోనికి చెవులుండవు తమ్మీ. ఇన్నోనికి ఉంటయి" అనేది ఆవిడ. సర్పంచుల్ని తిట్టిన వార్తలు సర్పంచులకే చదివి వినిపించి, టీ తాగి వచ్చేది. ఆ టీ ఎలా ఇచ్చేవారో నాకు అర్థమయ్యేది కాదు. నాకైతే చాలాచోట్ల మంచినీళ్లు కూడా పుట్టలేదు.

చేరిన మూడో నెలలో ఇటిక్యాల వైపు వెళుతూ రోడ్డు పక్క చేనులో ఒక ఘోరం చూశాను. మధ్యాహ్నం ఎండలో పదిమంది ఆడవాళ్లు నిండుగా ఉన్న పత్తి మొగ్గల్ని గోళ్లతో చీల్చి, రేకులు పీకి పారేస్తున్నారు. నాలోని విలేకరి లేచి నిలబడ్డాడు. చేను ఎవరిదని దారిన పోయే ఒకాయన్ను అడిగి, తిమ్మప్పదని తెలుసుకుని, బస్సులోనే వార్త రాసేశాను. 'శిక్షణ లేని కూలీలు, నేలపాలవుతున్న పూలు' అని శీర్షిక. 'విచక్షణారహితంగా' అన్న మాట కూడా వాడాను. చాలా రోజులుగా ఆ మాటకు చోటు వెతుకుతున్నాను.

అప్పుడు ఎస్తేరక్క కర్నూలులో ఉంది, అన్నగారికి ఆపరేషన్. దవాఖాన నుంచి ఫోన్ చేసి ఒకటే మాట అడిగింది.

"చదివినవా?"

"చదివానక్కా."

అబద్ధం కాదు. బస్సులో నాకు నేను రెండుసార్లు చదువుకున్నాను. చాలా బాగుంది కూడా.

పత్రిక వచ్చిన నాలుగో రోజున తిమ్మప్ప మా గదికి వచ్చాడు. పొడుగాటి మనిషి, చేతిలో మడిచిన పత్రిక. ఎస్తేరక్క కూడా అప్పుడే ఊరి నుంచి దిగింది. ఆయన కూర్చోలేదు.

"గీ వార్త రాసిన సారెవరమ్మా? జర మొకం సూస్త."

"నేనే" అన్నాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"క్రాసింగ్ అంటే తెల్సా సారూ నీకు?"

తెలియదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళే విప్పి, అందులోని మగ భాగాన్ని గోరుతో గీరేసి, గుర్తుగా ఎర్ర కాగితం పెట్టి, మర్నాడు పొద్దున వేరే మొక్క పువ్వు తెచ్చి దానికి అద్దుతారు. మేలురకం విత్తనం అలా పుడుతుంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. నేను చూసిన ఘోరం అదే. నవ్వుకుని ఊరుకుంటే పోయేది. కానీ కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే ఆర్గనైజరుకు, తిమ్మప్పతో పాత పేచీ ఉన్నవాడికి, నా వార్త అక్కరకొచ్చింది. 'పని రానోళ్లతో క్రాసింగ్ చేయించినవని పేపర్లనే పడ్డది, నీ విత్తనం నేను తీసుకోను' అన్నాడట. ఆ విత్తనం ఆయన తప్ప ఇంకెవరూ తీసుకోరు. ఏడాది కష్టం చేనులోనే నిలబడి ఉంది.

ఎస్తేరక్క నా వైపు తిరిగింది. "చదివిన అంటివి గదా. ఎవరికి చదివినవ్?"

ఆవిడ కేకలేయలేదు. వేసి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

మర్నాటి నుంచి పది రోజులు నన్ను తిమ్మప్ప చేనులో పనికి పెట్టింది. మధ్యాహ్నం మొగ్గలు విప్పడం, పొద్దున పుప్పొడి అద్దడం. తిమ్మప్ప భార్య ఈరమ్మ నాకు గురువు. మొదటి రోజు నేను విప్పిన మొగ్గల్లో సగం తలకాయలు ఊడిపోయాయి. "సారూ, నువ్వు రాసింది నీ గురించేనా ఏంది? శిక్షణ లేని కూలీ!" అంది. చేనంతా నవ్వింది. ఆ పది రోజులూ నా పేరు అదే.

పదో రోజు ఎస్తేరక్క చేనుకు వచ్చి, తాను రాసిన సవరణ నా చేతికిచ్చి అందరి ముందు చదవమంది. 'మేం రాసింది తప్పు. రాసినవాడికి పని తెలియదు, అడగనూ లేదు. తిమ్మప్ప చేనులో పని చక్కగా జరుగుతోంది. మా తప్పును సాకుగా చూపి ఆయన విత్తనం వద్దనడం మరో తప్పు.' గొంతు సవరించుకుని చదివాను. ఈరమ్మ అంది, "సక్కగ జరుగుతుందన్న కాడ ఇంకోపారి చదువు సారూ." చదివాను. మొదటి పేజీలో, అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో వేశాం. అంతకు ముందే ఎస్తేరక్క ఆర్గనైజరు దుకాణానికి వెళ్లి ఆయనకూ చదివి వినిపించింది. అక్కడ మాత్రం టీ రాలేదట.

సాకు పోయేసరికి ఆర్గనైజరు విత్తనం తీసుకున్నాడు. తీసుకుని, మా పత్రికకు తన దుకాణం ప్రకటన ఆపేశాడు. తోటి వ్యాపారులూ ఆపేశారు. ఏడాది తిరిగేసరికి మా పరిస్థితి ఎక్కడికి వచ్చిందంటే, ఇంకో రెండు సంచికలు, ఆ తర్వాత తాళం. నా ఒక్క వార్త ఇంత ప్రభావం చూపుతుందని ఎం.ఏ.లో ఎవరూ చెప్పలేదు.

అప్పుడు తెలిసింది, నిజాలు సరిచూసుకుని రాసే చిన్న స్థానిక పత్రికలకు ఒక ట్రస్టు గ్రాంటు ఇస్తుందని. దరఖాస్తు నేనే రాశాను. ప్రజాస్వామ్యం, నాలుగో స్తంభం, అక్షరయజ్ఞం, ఏదీ వదల్లేదు. ఎస్తేరక్క చదివి, ఎర్ర పెన్ను తీసింది. 'మీ పత్రిక సాధించిన అతి పెద్ద విజయం ఏమిటి?' అన్న ప్రశ్న కింద నేను నింపిన రెండు పేజీలూ కొట్టేసి, నాలుగు వాక్యాలు రాసింది. తిమ్మప్ప చేను గురించి తప్పు రాశాం, దిద్దుకున్నాం, దాని వల్ల ప్రకటనలు పోయాయి, విత్తనం పోలేదు.

"అక్కా, మన తప్పు మనమే రాసిస్తే ఎవరిస్తారు?"

"ఇయ్యకుంటే ఇయ్యరు. గంతకంటె పెద్దది ఏం చేసినమో నువ్వే చెప్పు."

ఆ నాలుగు వాక్యాలే శుభ్రంగా తిరగరాసి పంపాను.

ట్రస్టు నుంచి ఇద్దరు వచ్చారు, ఒక పెద్దాయన, ఒక మేడం. "విజయం దగ్గర తప్పు రాశారేంటండీ?" అని మేడం నవ్వింది. ఎస్తేరక్క, "నన్నడిగితే ఏం లాభం మేడం? తప్పు ఎవరికి తగిలిందో ఆయన్నే అడగండి" అని ఆటో మాట్లాడింది. తిమ్మప్పకు ముందుగా ఒక మాట చెబుదామని నేను మెల్లగా ఫోన్ తీశాను. ఎస్తేరక్క చెయ్యి చాచింది. ఫోన్ ఇచ్చేశాను.

చేను గట్టు దగ్గర ఎస్తేరక్క ఆటో దిగలేదు. నేను దిగి దూరంగా నిలబడ్డాను. తిమ్మప్ప మొదలుపెట్టాడు. "గీ సారున్నడే, నా కొంప ముంచెటోడు! పువ్వుకు కాయకు తేడా తెల్వదు, పెన్ను పట్టుకుని వచ్చిండు. నాలుగు దినాలు అన్నం తినలే మేము. ఎంత పరేషాన్ అయినమో మాకు తెల్సు!" అలా చాలాసేపు నడిచింది. నేను మనసులోనే గదికి తాళం వేసి, వనపర్తి బస్సెక్కి, మా మామయ్య కిరాణా కొట్లో కూర్చున్నాను.

పెద్దాయన అడిగాడు, "మరి ఇప్పుడు ఆ పత్రిక చదువుతున్నారా?"

"చదవక? మంచిగ రాసెటోళ్లు శానమంది ఉన్నరు సార్, ఎన్నడు ఊళ్లెకు రాలే. వీళ్లు తప్పు రాసిన్రు. మల్ల వచ్చి, నా చేన్ల నిలబడి, మా ఆడోళ్ల ముంగట తప్పన్నరు. గిప్పుడు ఫోన్ల ఏ ముచ్చట తిరిగినా, గది నిజమా కాదా అని వీళ్లకే ఫోన్ చేస్తం. వీళ్లు తెల్వదంటే తెల్వదనే అంటరు."

ఈరమ్మ ఎర్ర కాగితం ముక్కలు ఒళ్లో పెట్టుకుని ఊరికే వింటోంది. చివరికి, "పదో దినానికి మొగ్గలు గూడ మంచిగనే ఇప్పిండు" అంది. నా ఉద్యోగ జీవితంలో నాకు దొరికిన ఒకే ఒక సిఫారసు.

నెల తిరగకముందే ఉత్తరం వచ్చింది. మూడేళ్లకు గ్రాంటు. అంతేకాదు, అచ్చుకు ముందు చదివి వినిపించే మా పద్ధతిని మిగతా చిన్న పత్రికల వాళ్లకు కూడా నేర్పాలని కోరారు. నేను గంతేశాను. ఎస్తేరక్క, "బయటికి చదువు" అంది. చదివాను. కళ్లు తుడుచుకుంటూనే మధ్యలో ఆపింది.

"దినపత్రిక అన్నరు. మనది పక్షపత్రిక గదా. ఫోన్ చేసి దిద్దమను."

"అక్కా, ముందు డబ్బులు రానీ!"

"తప్పు మీద వచ్చిన పైసలు మనకెందుకు తమ్మీ? చెయ్యి."

చేశాను. పెద్దాయన చాలాసేపు నవ్వి, దిద్ది పంపాడు. ఆ రోజు గదిలో మైసూర్‌పాక్ పంచాం. రెండో కిటికీ కూడా తెరిపించాం. తెరిస్తే అవతల గోడే ఉంది, అయినా తెరిచే ఉంచాం.

ఎస్తేరక్క ఇప్పుడు మానవపాడులో తమ్ముడి ఇంటి పక్కన ఉంటోంది. పత్రిక నాకు అప్పగించింది. సంచికకో ఫోన్ చేస్తుంది. నడిగడ్డ అవతలి కుర్ర విలేకరులకు నేను పాఠాలు చెబుతున్నాను. పాఠం పెద్దదేం కాదు, ఒక ప్రశ్న. దాన్ని నేర్చుకోవడానికి నాకు ఒక చేను పట్టింది.

నిన్న బస్సులో పక్కనున్నావిడను అడిగాను, క్రాసింగ్ పనివాళ్ల గురించి రాసింది ఒకటుంది, వింటారా అని. విన్నది. 'ఉదయం తొమ్మిదికి చేను చేరుకుంటారు' అన్నచోట చెయ్యి ఎత్తింది.

"తొమ్మిదేంది సారూ? ఏడింటికే చేన్ల ఉంటం. నిన్న జర లేటయితే సగం కూలి కోసిండు మేస్త్రీ."

కొట్టేసి ఏడు రాశాను. సగం కూలి సంగతి కూడా పక్కన రాసుకున్నాను. మేస్త్రీ ఎవరో కనుక్కుని, ఆయనకూ చదివి వినిపించాలి. అంతలో ఫోన్ మోగింది.

"చదివినవా తమ్మీ?"

"చదివానక్కా."

"ఎవరికి?"

ఫోన్ పక్కావిడ చేతికిచ్చాను.