లక్క బిళ్ల మీది గాటు

ఎండాకాలం బల్ల సొరుగు తీస్తే లక్క వాసన వస్తుంది. రోమన్ వెండి నాణెం ఒకదాన్ని మెత్తటి లక్కలో ఒత్తి తీసిన బిళ్ల అది. చక్రవర్తి మొహం, ఆ మొహానికి అడ్డంగా ఒక గాటు.

ఆ అచ్చు తీసింది మా చిన్నాన్న, నర్సయ్య కాక. షోలాపూర్ తెలుగు నేతగాళ్ల పేటలో ఆయనకు రెండు మరమగ్గాలు. కప్పుకునే చద్దర్ల మీద బొమ్మ పడటానికి జకార్డ్ అట్టలకు చిల్లులు తనే కొట్టేవాడు. నాణెం ఎవరో పరిచయస్తుడిది. రెండు వేల ఏళ్ల కింద మన మిరియాలకు, బట్టలకు మారుగా ఓడల్లో వచ్చిన వెండి. మన దేశంలో దొరికిన వాటిలో కొన్నింటి మీద రాజు మొహానికే గాటు ఉంటుంది. ఎందుకో పండితులు తేల్చలేదు. కాక మాత్రం తేల్చేశాడు: "వెండి మాది, పెత్తనం నీ కాడనే ఉంచుకో అన్నరు మనోళ్లు, తమ్మి."

నేను విలేకరిగా కుదురుకుంటున్న రోజుల్లో ఎన్నికలు వచ్చాయి. విడీ ఘర్కుల్ కాలనీలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు తన మొహం నేసిన చద్దర్లు పంచాలని ఒక నాయకుడు అనుకున్నాడు. కాక మగ్గాలకు ఆ ఏడు పని లేదు. ఆర్డరు నేనే మోసుకొచ్చాను.

కాక గళ్ల కాగితం మీద మొహం గీయడం మొదలుపెట్టాడు. గడపలో బీడీలు చుడుతున్న చిన్నమ్మ చాటలోంచి తల ఎత్తకుండానే అంది: "మీ కాక పండుకున్న దిక్కున లేవడు. లీడరు సాహెబు మూతి మీద ఏ యాళ్లకు కాలు వెడ్తడో."

నేను నవ్వాను. కాక పెన్సిల్ ఆపాడు.

మొహాన్ని తల వైపే వేద్దామన్నాను. చద్దరుకు తల వైపు ఏది, కాళ్ల వైపు ఏదని అడిగాడు. నచ్చనివాళ్లు నాణేనికి పెట్టినట్టే గాటు పెట్టుకుంటారులే అన్నాను, ఆయన మాటే ఆయనకు అప్పజెప్పినట్టు.

"గాటు వెట్టినా వెండి వెండే. చద్దరుకు గాటు వెడితే కప్పుకునేటోల్లకు ఏం మిగుల్తది? నిద్రల గూడ కాళ్లు అదుపుల వెట్టుకోవాల్నా వాళ్లు?"

కాక వద్దన్న ఆర్డరు వేరే కార్ఖానాకు పోయింది. వానలు పడేలోగా కాక ఒక మగ్గాన్ని తుక్కుకు అమ్మేశాడు.

చలికాలం విడీ ఘర్కుల్‌కు వార్త కోసం వెళ్లాను. ఒకామె నాయకుడు పంచిన కొత్త చద్దరును మొహం లోపలికి వచ్చేలా మడిచి ట్రంకు పెట్టె మీద పెట్టింది. ఆమె భుజాల మీద పాత చిరుగుల చద్దరే ఉంది. ఎందుకని అడిగాను. "కాలు తాకుతది గద అన్నా" అంది. పంపకం వార్త ఆ మాటతోనే మొదలుపెట్టాను.

కాక ఇప్పుడు లేడు. పదవుల్లో ఉన్న పెద్దవాళ్ల గురించి రాయాల్సి వచ్చినప్పుడు బిళ్ల మీద బొటనవేలు పెడతాను. తిరగబడ్డ అచ్చు కదా, రాజు మొహం గుంటలోకి పోయింది. గాటు పైకి లేచింది. వేలికి ముందు తగిలేది అదే.