వంట రాని మా ఎంపీ

పెద్దమ్మ పోయిందని పొద్దున్నే కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. నాలుగో రోజుకు సంతాప సభ ఫ్లెక్సీ లేచింది. బీడీలు చుట్టే ఇళ్ల నుంచి పార్లమెంటుకు వెళ్లిన మా మొదటి మనిషిని అందులో ఫలానా వారి సతీమణి అన్నారు. భర్త పేరు పెద్దక్షరాల్లో, ఆమె పేరు కింద.

పెద్దమ్మ అని పిలిచినా ఆమె నాకు చుట్టం కాదు, మా వాడకట్టు మనిషి. బీడీలకు తునికాకు కత్తిరించడం, ఎదుటివాళ్ల మాట మధ్యలో ఆపి "ఎందుకు?" అనడం, రెండూ ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

గెలిచిన కొత్తలో సిరిసిల్లలో ఒక మీటింగుకు ఆమె వెంట వెళ్లాను. అధికారి నమస్కారం పెట్టి ఆమె వెనక తలుపు వైపు చూశాడు.

"సార్ రాలేదా మేడం?"

"ఇంట్ల బీడీలు చుడుతుండు. సారుతోని ఏం పని? నాతోని చెప్పుండ్రి."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఐదేళ్లూ ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు.

ఢిల్లీ నుంచి వస్తే మా అరుగు మీద బీడీల చాట ఒళ్లో పెట్టుకునే ముచ్చట చెప్పేది. "చేతులకు పని లేకుంటే నేను గూడ లీడర్ లెక్కనే మాట్లాడుత" అనేది.

జగిత్యాలలో జరిగిన ఆ సంతాప సభలో వేదిక మీద ఒక్క ఆడమనిషి లేదు. రెండోసారి ఆమెకు టికెట్ రాకుండా అడ్డుపడ్డవాళ్లే వరసగా లేచి "మా సోదరి" అన్నారు. బీడీ కార్మికుల కోసం పార్లమెంటులో ఆమె కొట్లాడిన సంగతి ఒక్కరూ ఎత్తలేదు. వంట బాగా చేసేదని మాత్రం ఇద్దరు చెప్పారు. ఆమెకు వంట రాదు. వాడకట్టంతా ఎరిగిన విషయం. ఈ సభ ఆమెను ఒకరి భార్యగా మార్చి పంపిస్తే, రేపటి పిల్లలకు ఆమె అంతే. అందుకే నాకు కోపం.

ఆమెతో కలిసి బీడీలు చుట్టిన ముసలామె కింద నుంచి లేచింది. "నేను రెండు ముక్కలు చెప్త."

"టైం లేదమ్మా, భోజనాలున్నయి" అన్నాడు నిర్వాహకుడు.

"తినుటానికి టైమున్నది, ఆమె ముచ్చటకు లేదా కొడుకా?"

మైకు ఆపేశారు. నాయకులు విస్తళ్ల వైపు నడిచారు. ముసలామె వేదికకు వీపు పెట్టి ఆడవాళ్ల వైపు తిరిగింది.

"వంటట, వంట. ఆమె పప్పు కుక్క గూడ ముట్టకపోయేది. పార్లమెంటుల ఏం చేసిందో నేను చెప్త, ఇనుండ్రి."

టెంట్‌హౌస్ వాళ్లు షామియానా విప్పారు. ఎండ నెత్తిన పడింది. కొంగులు కప్పుకున్నారే గానీ ఒక్కరూ లేవలేదు. వెనకవాళ్లు వినబడటం లేదని కూర్చున్నచోటు నుంచే ముందుకు జరిగారు.