పక్కచేని దావీదు

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది, మిరప కోతలకు ముందు, కోటేశ్వరరావు ఇంటి విచారణ నాకు అప్పగించారు. పేర్లన్నీ మార్చాను. అప్పటికి నేను ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాలలో సీనియర్ సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. మందు రాసేది డాక్టరు. ఆ మందు వేసుకుని ఇంటికెళ్లిన మనిషి ఎవరి మధ్య బతుకుతాడో చూసి చెప్పేది మేము.

కోటేశ్వరరావుది పర్చూరు దగ్గర పల్లె. పక్కచేను కౌలుకు చేసే దావీదు తనకు విషం పెడుతున్నాడని అతనికి గట్టి నమ్మకం పట్టుకుంది. జబ్బు తెచ్చిన నమ్మకం అది. ఒకరోజు చేలోనే పార ఎత్తి కొట్టాడు. దావీదు బతికాడుగానీ కుడిచెయ్యి భుజం దాటి లేవదు. మతిస్థిమితం లేనప్పుడు చేశాడని కోర్టు శిక్ష వెయ్యకుండా అతన్ని మా దగ్గర ఉంచమంది. ఇలా వచ్చినవాళ్లను నయమైంది కదా అని మా అంతట మేం పంపలేం. వదిలితే తనకుగానీ ఇతరులకుగానీ హాని ఉండదని వైద్యులు ధ్రువీకరించాలి. ఆ మీదటే ఆదేశాలు వస్తాయి.

‘హాని ఉండదు’ అని సంతకం పెట్టాలంటే మా సూపరింటెండెంటుగారికి చెయ్యి ఆడేది కాదు. ఆయన్ని తప్పుపట్టను, మేం జాతకాలు చెప్పేవాళ్లం కాదు కదా. గతంలో కొట్టాడన్నది ఎన్నటికీ మారదు. మందు మానటం, తాగుడు, నిద్ర చెడటం, ఎవరిమీదనో అనుమానం పెరగటం మాత్రం మారుతుంటాయి. ఆ మారేవాటిని ఎవరు గమనిస్తారు, గమనించి ఎవరికి చెప్తారు అన్నదానిమీదే విడుదల నిలబడుతుంది. కోటేశ్వరరావు వార్డులో బుద్ధిమంతుడే. కాకపోతే వార్డులో దావీదూ లేడు, పారా లేదు.

ముందు అతని భార్య పద్మను కలిశాను. ఆయన బంగారం, పంపించెయ్యండి అని ఒకటే మాట. కొట్టిన రోజు పొద్దున కూడా బాగానే ఉన్నాడంది. ప్రేమ మంచిదే, నా రిపోర్టుకు మాత్రం పనికిరాలేదు.

దావీదు గుమ్మం ఎక్కటానికి మొహం చెల్లలేదు. కొట్టినవాణ్ణి మళ్లీ నీ పక్కచేలోకి పంపమంటావా అని దెబ్బతిన్నవాణ్ణి ఎలా అడగటం? అయినా వెళ్లాను. అతను నన్ను మంచమ్మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, తనే మొదలుపెట్టాడు.

“ఒక్కరోజులో రాలేదండి వాడికది. చేలో ఇద్దరం కలిసే తినేవాళ్లం. నా క్యారేజీలో గోంగూర పచ్చడి నాకంటే ముందు వాడే తీసేవాడు. కొట్టటానికి ముందు కొన్నాళ్లనుంచి ముట్టలా. ఏరా అలిగావా అంటే నవ్వి ఊరుకున్నాడు.”

నాకు ప్రాణం లేచొచ్చింది. మా కేసు ఫైలంతా దెబ్బ పడ్డ రోజునుంచే మొదలవుతుంది. అంతకు ముందేం జరిగిందో చూసిన మనిషి ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నాడు. మళ్లీ అలా తినటం మానేస్తే నాకు ఫోన్ చేస్తారా అని అడిగాను. “చేస్తానండి, పంపించండి. పద్మమ్మ ఒక్కతే ఎన్నాళ్లు చేసిద్దండీ సేద్యం” అన్నాడు.

ఇంజెక్షన్ నెలనెలా పడినంతకాలం ప్రమాదం తక్కువ, ఇతరులు పెట్టింది తినటం మానితే ఆ రోజే ఆసుపత్రికి తేవాలి అని రాశాను. సూపరింటెండెంటుగారు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. ఆదేశాలొచ్చాక కోటేశ్వరరావు ఇంటికి వెళ్లాడు.

మరుసటి ఏడు కోతలు ముమ్మరంగా సాగుతుండగా దావీదు ఫోన్ చేశాడు. “మేడమ్, వాడు నా పచ్చడి తీసుకోవట్లేదండి. ఇంట్లోనూ తనే వండుకుంటున్నాడంట.” మీరు చేలోకి వెళ్లొద్దు, వాడితో వాదన పెట్టుకోవద్దు అని చెప్పి, డాక్టరుకు విషయం తెలిపి, మా వాళ్లను బండిలో పంపి ఆ రోజే కోటేశ్వరరావును రప్పించాం. కోతల తొందరలో ఇంజెక్షన్ తప్పించుకున్నాడు. మళ్లీ విషం మాట మొదలైంది. ఈసారి కోర్టు పంపినవాడు కాదు గనక, కొన్ని వారాలు ఉంచుకుని, నెమ్మదించాక మేమే పంపాం. ఎవరిమీదా చెయ్యి పడలేదు.

పద్మకు తోడుగా అతన్ని తీసుకెళ్లటానికి వచ్చింది దావీదే. చేతులు జోడించి, మీ మంచితనం వల్ల గండం గడిచిందన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

“మంచితనం కాదండి. పాస్టరుగారు క్షమించమంటే సరేనని నోటితో అన్నా, లోపలికి రాలా. వాడు నా వెనకమాల నిలబడితే ఇప్పటికీ వీపు జల్లుమనిద్ది. భయం కొద్దీ చూస్తుంటా. చూశా గాబట్టి చెప్పా.”

ఉద్యోగంలో నాకు మేలు చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. దావీదుకు రుణపడ్డంతగా మరెవరికీ పడలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా దెబ్బతిన్నవాళ్లతో మాట్లాడకుండా ఒక్క విడుదల రిపోర్టూ రాయలేదు. ఒక మనిషి తిరిగి ఇల్లు చేరటానికి ఊరంతా అతన్ని క్షమించాల్సిన పనిలేదు. భయపడుతున్నవాడు ఆ మాట పైకి చెప్పగలగాలి, విని కదిలే మనిషి ఒకరుండాలి.