పొయ్యి కోసం తెరిచిన కిటికీ

సౌదీలో తాయిఫ్ కొండమీది ఊరు. చలికాలమొస్తే నేను పనిచేసే ఇంటి హాల్లో చమురు పొయ్యి ముట్టిస్తారు. దాని పొగ గొట్టంలో నుంచి బయటికి పోతాది. నేనొచ్చిన మొదటి చలికాలం మేడమ్ కిటికీలన్నీ బిగించి, తలుపు సందులో తువ్వాలు కుక్కింది. కాసేపటికి మంట మసి కక్కింది, మా ఇద్దరికీ తల తిరిగింది. నేను తువ్వాలు లాగి పారేసి, కిటికీ తెరిచి, వచ్చీరాని అరబ్బీలో గట్టిగానే చెప్పినా. మంటకూ గాలి కావల్ల, దానికి లేకుంటే మన ఊపిరి తీసుకుంటాది అని.

కడప జిల్లాలో మా మట్టిమిద్దెకు గవాక్షి ఉండేది. పొయ్యి పొగ పోయేదానికి పైకప్పులో విడిచిన కంత అది. అమ్మ రొట్టెలు కాలుస్తాంటే పక్కన కూర్చుని, ఆ కంతలో నుంచి మబ్బులు పోయేది చూసేదాన్ని. పొగకు కండ్లు మండినా లేచేదాన్ని కాదు.

ఇప్పుడు పొయ్యి ముట్టిస్తే మేడమే ఆ కిటికీ జానెడు తెరిచిపెడతాది. పని అయినాక నేను దాని కిందనే కూర్చుంటా. అద్దాలు మసకవి, ఆ సందులో నుంచే ఇంత ఆకాశం కనబడతాది. నేను పండుకునే గదికి కిటికీ లేదు.

ఎండలొస్తే పొయ్యి ఆర్పి, కిటికీ మూసి, ఏసీ వేస్తారు. ఇంట్లో అందరూ చలి ఎప్పుడు పోతాదా అని చూస్తాంటారు. నేనొక్కదాన్నే ఇంకొన్నాళ్లు ఉండనీ అనుకుంటా.