నీళ్ళు వద్దన్న పువ్వు

మా వదిన ఎల్మాస్ ఏటి ఒడ్డు ఊరి పిల్ల. వాళ్ళ ఊళ్ళో ఏది పెరిగినా నీళ్ళతోనే పెరుగుతుంది. పుచ్చకాయలూ, టమాటాలూ, ఆడపిల్లలూ అని మా అన్న వేళాకోళం చేసేవాడు. మా మెట్టకొండ ఊరికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆవిడ చేతిలోంచి చెంబు దిగలేదు. ఖాళీ అయిన నూనె డబ్బాలన్నిటిలో మట్టి నింపి మొక్కలు పెట్టింది. మా గుమ్మం దాటాలంటే పక్కకి తిరిగి నడవాల్సిందే. రొట్టెలు ఒత్తుతూ ఒత్తుతూ లేచి, పిండి చేతుల్తోనే వాటికి నీళ్ళు పోసి వచ్చేది.

"అవి అడిగాయిటే నిన్ను?" అనేది మా అమ్మ.

"అడిగేదాకా చూస్తే నేనేం ఇల్లాలినత్తయ్యా!"

తలగుడ్డ ఎప్పుడూ జారిపోతూ ఉండేది. నవ్విందంటే వీధి చివరికి వినపడేది. కుక్కలంటే మాత్రం హడలు. గొర్రెల కాపరి పెళ్ళాం అయ్యుండీ, కుక్కల భయానికి ఆ రోజుల్లో మా కొండ ఎక్కింది ఒక్కసారే. పెళ్ళైన ఏడాది వసంతంలో అన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు.

అన్న పేరు దుర్సున్. ఉండిపొమ్మని ఆ పేరుకి అర్థం. ముందు పుట్టిన మగపిల్లలు దక్కకపోతే అమ్మ అలా పెట్టుకుంది.

మా ఊరి పైన ఎర్రమట్టి వాలు ఉంది. తోడేలుచెవి పువ్వు అక్కడే పూస్తుంది, పక్క కొండ మీద వెతికినా దొరకదు. బయటివాళ్ళు ఐరిస్ అంటారు, అందులో ఇది అరుదైన రకమట. మొక్క జానెడు. ఆకులు కొడవలిలా వంగి బూడిద రంగులో ఉంటాయి. కాడకి ఒక్కటే పువ్వు, అది మాత్రం పిడికిలంత. మూడు రేకులు పైకి లేచి గోపురంలా కలుస్తాయి, వాటి నిండా సన్నటి ఊదా ఈనెలు. మూడు రేకులు కిందికి వాలతాయి, ఎండిన నెత్తురు రంగులో. వాటి మధ్య మఖ్మల్ గుడ్డ లాంటి నల్ల మచ్చ, పైన కాస్త నూగు. వాసన లేదు, తేనె లేదు. అయినా సాయంత్రమయ్యేసరికి అడవి తేనెటీగలు వచ్చి ఆ రేకుల కింద దూరి పడుకుంటాయి.

"మా కొండ సత్రం ఇదే. ముదురు రంగు కదా, పొద్దున్నే ఎండకి ముందు వేడెక్కుతుంది. లోపలివాడికి చలి వదుల్తుంది," అన్నాడట అన్న.

"ఒకటి తెంపియ్యవా నాకు?"

"తెంపితే వాడెక్కడ పడుకుంటాడే?"

ఈ మాటలు వదిన ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పినప్పుడల్లా అన్న గొంతు పెట్టి చెప్పేది.

ఆ చలికాలంలోనే మందని తోలుకొస్తూ, మంచు కప్పిన అంచు మీద కాలు జారి అన్న పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇంట్లో డబ్బాల మొక్కలకి నేనే నీళ్ళు పోశాను.

మా వైపు సమాధి చుట్టూ రాళ్ళు నిలబెట్టి లోపల మట్టి వదులుతారు, తలరాయి దగ్గర పిట్టలకి చిన్న గిన్నె చెక్కిస్తారు. ఆ మట్టిలో అందరూ తెల్ల ఐరిస్ నాటుతారు. అది ఎలాగైనా బతికేస్తుంది. వదిన మాత్రం తోడేలుచెవే కావాలంది. ఆయన తెంపకుండా చూపించిన పువ్వు ఆయన మీద పూయాలి, అంతే. వసంతం వానలకి వాలు అంచు విరిగి ఒక గుబురు కిందికి జారితే, కుక్కల్ని తిట్టుకుంటూ వెళ్ళి తెచ్చి నాటింది.

గురువారం సాయంత్రం సమాధి మీద చెంబెడు నీళ్ళు పోయడం మా ఆనవాయితీ. పోయినవాళ్ళకి చల్లగా ఉంటుందని. వదిన గురువారం దాకా ఆగే మనిషా? రోజూ పోసింది. ఎండలు ముదిరేసరికి ఆకులు పసుపెక్కాయి. దాహమేమోనని ఇంకా పోసింది. చివరికి ఆకు పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేసింది. కింద దుంప మెత్తటి ముద్దై కంపు కొడుతోంది. అక్కడే కూలబడి ఏడ్చింది. అన్న పోయినప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదు.

మర్నాడు కొండ ఎక్కింది. నేనూ వెళ్ళాను. వాలంతా పెనం మీద వేయించినట్టుంది, తోడేలుచెవి ఆకులన్నీ ఎండి గడ్డిలో కలిసిపోయాయి. వదిన వేలితో మట్టి గీకింది. అల్లం కొమ్ముల్లా పాకిన దుంపలు, గట్టిగా, పొడిగా ఉన్నాయి.

"చూశావా జొహ్రా, ఇది నిద్రపోతోంది," అంది నాతో. "నిద్రపోయేవాడి నోట్లో నీళ్ళు పోశాను నేను."

వానలు మొదలయ్యే ముందు అదే విరిగిన అంచు నుంచి ఇంకో ముక్క తెచ్చి నాటింది. ఇంటికొచ్చి అమ్మతో చెప్పింది: "అత్తయ్యా, ఇకమీదట మట్టి మీద చుక్క పడకూడదు. నీళ్ళు గిన్నెలోనే."

"అంటే నా కొడుకుని ఎండబెడతావా?"

"ఆయన ఎండడత్తయ్యా, పువ్వు కుళ్ళుతుంది."

"పువ్వు! వాడు ఉండగా చెంబు దించినదానివి కాదు, ఇప్పుడు చుక్క పొయ్యనంటున్నావు. ఊళ్ళో ఏమనుకుంటారో తెలుసా?"

"తెలుసు. తందూరు పొయ్యి దగ్గర ఆడవాళ్ళు అనుకోవడం విన్నాను. మొగుడి మీద నీళ్ళక్కూడా పిసినారితనమట."

ఇద్దరూ నా వంక చూశారు. నేను పప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. వాడు నాకూ అన్నే. నాకూ చెంబు ఎత్తాలనే ఉండేది.

అమ్మ వదినతో మాటలు మానేసింది. టీ కావాలంటే నాకు చెప్పేది, వదిన పక్కనే ఉన్నా సరే. గురువారం వస్తే వదిన ముందే వెళ్ళి రాళ్ళ అంచు మీద కాపలా కూర్చునేది. అమ్మ చెంబు పట్టుకుని దూరం నుంచి చూసి వెనక్కి తిరిగేది.

తొలి వసంతం ఆకులే వచ్చాయి. "గడ్డి బాగా కాసిందా మీ వదినకి?" అని అడిగింది అమ్మ నన్ను. వదిన నవ్వలేదు. ఆ ఏడంతా ఆవిడ నవ్వు వీధి చివరికి కాదు, గుమ్మం దాకా కూడా రాలేదు.

మరుసటి వసంతం ఆకుల మధ్య నుంచి కాగితం లాంటి పొర చుట్టుకున్న మొగ్గ లేచింది. విచ్చుకున్న రోజు గురువారం కాదు. వదిన ఇంట్లో రొట్టెలు ఒత్తుతోంది. కాపలా లేదని తెలిసి అమ్మ చెంబు నింపుకుని బయల్దేరింది. ఆపలేక నేను వెనకాలే వెళ్ళాను. పొద్దు వాలుతోంది.

అమ్మ చెంబు ఎత్తి అలాగే నిలబడిపోయింది. అన్న గుండెల దగ్గర నల్లటి పువ్వు. ఒక తేనెటీగ వచ్చి కిందికి వంగిన రేకు మీద దిగింది, నల్ల మచ్చ దాటి గోపురం కిందికి పాకి సర్దుకుంది. ఇక కదల్లేదు.

"పడుకుందా?" అంది అమ్మ, మెల్లగా.

"పడుకుంది."

"పొద్దున్న దాకా ఉంటుందా?"

"ఎండ తగిలేదాకా ఉంటుందట. అన్న చెప్పేవాడు."

అమ్మ వంగి, చప్పుడు కాకుండా నీళ్ళన్నీ గిన్నెలో పోసింది. పొంగిన నాలుగు చుక్కల్ని కొంగుతో తుడిచింది. ఇంటికొచ్చి, "ఎల్మాస్, టీ పొయ్యవే," అంది. వదిన చేతిలో అప్పడాల కర్ర కిందపడింది.

ఆ పువ్వు వాడి రాలిపోయింది, కాయ కట్టలేదు. తోడేలుచెవి తన పుప్పొడితో తాను కాయ కట్టదు, వేరే గుబురు పుప్పొడి కావాలి. ఆ సంగతి వదిన చెప్తుంటే అమ్మ అందుకుంది.

"అయితే వాడి పక్కన నా చోటు ఖాళీగానే ఉందిగా. రేపు నేను పోయాక నా మీద ఇంకో గుబురుది నాటు. రెండూ కలిసి కాయ కాస్తాయి."

"అవేం మాటలత్తయ్యా!"

"మాటలేంటి, నిజమే. కానీ కోడలా, నేను నా కొడుకంత ఓర్పున్నదాన్ని కాను, నాకు దాహమేస్తుంది. మట్టి మీద పొయ్యకపోతే పోనీ, గిన్నె మాత్రం పెద్దది చెక్కించు."

వదిన నవ్వింది. పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు.