పాపక్క సున్నపు చుక్కలు

ఇన్నేళ్లుగా కాడుగోడికి వస్తున్నారు, మెక్కి పోతున్నారు. ఎవరు ఏ కారు కొన్నారో అడుగుతారు. పాపక్క ఎవరని ఒక్కరైనా అడిగారా? నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నారా అందరూ? ఇప్పుడన్నా వినండి.

పాపక్కకు మొగుడు మిగిల్చిపోయింది ఒక్క పాత డీజిల్ వ్యాను. అందులోనే అత్తిబెలె నుంచి కాడుగోడికి ఆకుకూరలు తోలేది. వ్యాను నిలిపే రేకుల షెడ్డు మాత్రం అత్తది. "బండి తిరిగినన్నాళ్లు షెడ్డు పాపక్కది. బండి నిల్చిన దినం చిన్నోడిది" అని నలుగురి ముందూ చెప్పి ఆ ముసలిది కన్నుమూసింది. ఆ చిన్నోడే మరిది వెంకటగిరియప్ప. ఆనాటి నుంచి చచ్చిన గొడ్డు చుట్టూ కాకిలా వాడు వ్యాను చుట్టూ తిరిగాడు.

ఆడదానికేం తెలుస్తుందని మెకానిక్కులు రెండుసార్లు మంచి సామాను పీకి చెత్త బిగించారు. మూడోసారి పాపక్క వాళ్ల పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, కళ్లతోనే పని నేర్చుకుంది. ఆ తర్వాత ఎవడి చెయ్యీ బండి మీద పడనివ్వలేదు.

ఒక దసరాకు టైమింగ్ బెల్టు పళ్లు అరిగాయి. పండగ వెళ్లగానే ఎఫ్‌సీ, అదే బండి ఫిట్‌నెస్ పరీక్ష. అందులో తప్పితే పాత బండిని మళ్లీ రోడ్డెక్కనివ్వరు. ఆయుధపూజనాడు పొద్దున్నే వక్కాకు డబ్బాలోంచి సున్నం తీసి బెల్టు తిరిగే పై పళ్లచక్రానికొకటి, కింది పళ్లచక్రానికొకటి, వాటికెదురుగా ఇంజన్ మీద ఒక్కొక్కటి చుక్కలు పెట్టింది. కంపెనీ గుర్తులు ఎప్పుడో తుప్పులో పోయాయి. కొత్త బెల్టు ఎక్కేటప్పుడు చుక్కకు చుక్క ఎదురుండాలి. ఒక్క పన్ను తప్పినా వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, ఇంజన్ పని అంతే. పాత బెల్టు విప్పి, బేరింగ్ కోసం బజారుకు వెళ్లింది.

తిరిగొచ్చేసరికి బండికి పూలదండ. రెండు చక్రాల చుట్టూ, ఇంజన్ నిండా తెల్లటి చుక్కలు. పక్కన పూజ తట్టతో మరిది.

"ఏం చేసినావప్పా?"

"పూజ వదినా. పండగ దినం ఇనుము బోసిగా ఉండకూడదని బియ్యప్పిండి బొట్లు పెట్టినా. చక్రాలు తిప్పి తిప్పి పెట్టినా. ఒక్క పన్నూ ఇడిసిపెట్టలే."

"నీ చేతులిరగ! నా చుక్కలు కనపడలేదా?"

"దేవుడి బొట్టుకు తిడతావా? సుమ్నే, ఊరికే ఎందుకీ గోల, గుజరీకి ఏసేద్దాం. షెడ్డన్నా శుభ్రమవుతాది."

పాత ఇనుముకు వేసేద్దామంటూ నవ్వాడు. సొంత స్కూటరుకే ఏనాడూ బొట్టు పెట్టనివాడికి ఇంత భక్తి ఎక్కడిదో పాపక్కకు తెలిసిపోయింది. తుడిస్తే పిండితోపాటు సున్నమూ పోతుంది. ఊరికే చూస్తే పిండీ తెలుపే, సున్నమూ తెలుపే. వాడి చేతిలోని తట్ట వైపు చూసింది. అందులో పసుపు ఉంది.

"ఇట్లా తే."

లాక్కుని, పసుపులో నీళ్లు పోసి కలిపి, ఒక్కో చుక్కకూ వేలితో అద్దుకుంటూ వచ్చింది. పిండి చుక్కలు పచ్చగానే ఉన్నాయి. పై చక్రం మీద ఒకటి పారాణిలా ఎర్రబడింది. తర్వాత కింది చక్రం మీద ఒకటి. ఆ తర్వాత ఇంజన్ మీద రెండు.

"చూస్తివా, పసుపులో సున్నం పడితే ఏమైతాదో? పెళ్లైన ఆడది ఎవతైనా చెప్పేది కదప్పా, అడక్కపోయినావు. నడువు బయటికి."

ఎర్రచుక్కకు ఎర్రచుక్క కలిపి బెల్టు ఎక్కించింది. రెంచీతో ఇంజన్‌ను రెండు చుట్లు తిప్పింది. ఎక్కడా తగల్లేదు. తాళం తిప్పితే మొదటి దెబ్బకే పలికింది. ఎఫ్‌సీ అయింది.

వ్యాను ఇంకా తొమ్మిదేళ్లు తిరిగింది. మధ్యలో మరిది కాలు విరిగి, ఆస్పత్రిదాకా తీసుకెళ్లమని కబురు పంపాడు. "నా బండికి వాని చెయ్యి తగిలింది చాలు, కాలు కూడా ఎందుకు?" అంది. ఎంతమంది చెప్పినా కదల్లేదు. ఒక సోమవారం కొత్తిమీర దింపి, షెడ్డుకు తాళం వేసుకుని పడుకున్నది మళ్లీ లేవలేదు.

చచ్చిపోయేనాటికి పాపక్కకు అరవై ఎనిమిదేళ్లు.